అమెరికాలో స్టోరేజ్ యూనిట్ తీసుకుంటున్నారా: ఖర్చు తడిసి మోపెడవకుండా చూసుకోవడం ఎలా

లీజు అయిపోతోంది, కొత్త ఇల్లు చేతికి రావడానికి ఇంకా రెండు నెలలుంది. లేదా వేరే రాష్ట్రంలో ప్రాజెక్ట్ వచ్చింది, అక్కడ ఎన్నాళ్లుంటామో తెలీదు. లేదా నాన్నగారికి ఒంట్లో బాలేదు, ఇండియా వెళ్లి కొన్ని నెలలు దగ్గరుండాలి, అన్నాళ్లు ఖాళీ అపార్ట్‌మెంట్‌కి అద్దె కట్టే స్తోమత లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా ఇలాంటప్పుడే స్టోరేజ్ యూనిట్ (సామాను దాచుకోవడానికి నెలవారీ అద్దెకిచ్చే గది) కోసం వెతుకుతారు, అదీ చివరి వారంలో, సగం సర్దిన అట్టపెట్టెల మధ్య కూర్చుని, టెన్షన్‌లో. అప్పుడు "మొదటి నెల ఒక్క డాలర్" అన్న ఆఫర్ కంటబడుతుంది, ఇంకో ఆలోచన లేకుండా సంతకం పెట్టేస్తారు.

ఆఫర్ అబద్ధం కాదు, నిజంగానే మొదటి నెల ఒక డాలరే తీసుకుంటారు. కానీ మీకు అయ్యే ఖర్చు ఆ నెలది కాదు, యూనిట్ ఖాళీ చేసి తాళం తీసుకుని బయటికొచ్చే రోజు వరకూ కట్టిన మొత్తం. అద్దె, అడ్మిన్ ఫీజు (చేరేటప్పుడు ఒక్కసారి తీసుకునేది), ఇన్సూరెన్స్, మధ్యలో పెంచే రేటు, ట్రక్కు కిరాయి, అన్నీ కలిపి. కింద చెప్పేవన్నీ ఆ మొత్తాన్ని తగ్గించడానికే. ఇందులో ఇచ్చిన లెక్కలు విషయం అర్థమవడానికి వేసినవి, మీ ఊరి రేట్లు పెట్టుకుని మళ్లీ మీరే వేసుకోండి.

1. ముందు, అసలు దాచాలా వద్దా తేల్చుకోండి

డబ్బు ఎక్కువగా మిగిలేది ఇక్కడే, మనం తొందరలో దాటేసేదీ ఇదే. ఒక 10 బై 10 అడుగుల యూనిట్ నెలకి 120 డాలర్లు, ఇన్సూరెన్స్ 14 అనుకుందాం. ఆరు నెలలకి 804. అడ్మిన్ ఫీజు 25. సామాను పెట్టడానికోసారి, తియ్యడానికోసారి ట్రక్కు, గ్యాసుతో (అంటే పెట్రోలుతో) కలిపి సుమారు 120. దాదాపు 950 డాలర్లు అయ్యింది. మధ్యలో ఒకసారి రేటు పెరిగిందంటే వెయ్యి దాటినట్టే.

ఇప్పుడు లోపల పెట్టబోయే సామాను లిస్టు రాయండి. సోఫాకి మీరు తొమ్మిది వందలు పెట్టి ఉండొచ్చు, ఆ తొమ్మిది వందలు ఈ లెక్కలోకి రావు, అవి ఎప్పుడో అయిపోయాయి. చూడాల్సింది ఇది: ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది, తిరిగొచ్చాక అలాంటిదే సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఎంతవుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టే ఉంటుంది, కాదనను, కానీ రెండొందలకి అమ్మి తర్వాత మూడొందల యాభైకి ఇంకోటి కొనుక్కున్నా మీకు పోయేది నూట యాభయ్యే. ఆ ఒక్క సోఫా కోసం 5 బై 10 సరిపోయే చోట 10 బై 10 తీసుకుంటే నెలకి నలభై డాలర్లు అదనంగా కడుతున్నారనుకోండి, నాలుగు నెలలు తిరిగేసరికే ఆ నూట యాభై దాటిపోతుంది.

సామాన్యంగా అమ్మేయదగ్గవి: మంచం ఫ్రేములు, పాత పరుపు, డైనింగ్ టేబుల్, అట్టచెక్కతో చేసిన అల్మారాలు (వీటిని ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ రంధ్రాలు వదులైపోతాయి, దాచినా దండగే). దాచదగ్గవి: ఇండియా నుంచి మోసుకొచ్చిన వెట్ గ్రైండర్, ఇత్తడి, స్టీలు సామాను, పూజా మందిరం, పుస్తకాలు, చలికోట్లు, పిల్లలు ఇంకా వాడే సైకిళ్లు. అంటే మళ్లీ ఇక్కడ దొరకనివి, లేదా చిన్న జాగాలో పట్టేవి.

అమ్మకం మాత్రం కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఆఫర్‌అప్, మీ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు, మూడింటిలోనూ పెట్టండి. ఆగస్టులో కొత్తగా దిగే ఎమ్మెస్ విద్యార్థులకి పరుపు, టేబుల్, రైస్ కుక్కర్ కావాలి, వాళ్లు బేరం కూడా పెద్దగా ఆడరు, పాపం వాళ్ల దగ్గర మీరూ మరీ బిగబట్టకండి. మిగిలినవి గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటి సేవాసంస్థలకి ఇచ్చేయండి.

2. అద్దెకి పోయే ముందు ఈ మూడు చోట్ల అడగండి

మీరుంటున్న, లేదా వెళ్లబోయే అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు. చాలా కాంప్లెక్సుల్లో అద్దెకి స్టోరేజ్ క్లోజెట్లు, విడి గరాజ్‌లు ఉంటాయి, అడిగితే తప్ప చెప్పరు. ట్రక్కు అవసరమే లేకపోవచ్చు.

స్నేహితుల గరాజ్. డాలస్, అట్లాంటా శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి రెండు కార్ల గరాజ్ మామూలే. అడగడానికి మొహమాటపడతాం గానీ, పది పెట్టెలు మూడు నెలలు అంటే ఎవరూ కాదనరు. తేదీ చెప్పి అడగండి, ఆ తేదీకి తీసేయండి, "ఎప్పుడో తీస్తాం" అన్నప్పుడే స్నేహాలు చెడేది. పెట్టెల మీద మీ పేరు, లోపల ఏముందో రాసిపెట్టండి, వాళ్లు ఏదైనా జరపాల్సొస్తే ఇబ్బంది పడకుండా.

మూడోది, నైబర్ లాంటి సైట్లు. ఎవరింట్లోనో ఖాళీగా ఉన్న గరాజ్, గది, వాకిలి పక్క జాగా నెలవారీ అద్దెకిస్తారు. మామూలు స్టోరేజ్ కంటే తక్కువకి దొరకడం మామూలే, ముఖ్యంగా కారు నిలపడానికి. ఒకటే చిక్కు, మీక్కావలసినప్పుడల్లా లోపలికి పోవడం కుదరకపోవచ్చు, ఆ ఇంటివాళ్ల వీలు చూసుకోవాలి. ఒప్పుకునే ముందు అదొకటి స్పష్టంగా మాట్లాడుకోండి.

3. సైజు ఒక మెట్టు దిగండి

యూనిట్లు మామూలుగా 5 బై 5, 5 బై 10, 10 బై 10, 10 బై 15, 10 బై 20 అడుగుల్లో ఉంటాయి. ఫోన్లో "రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్" అని చెప్పగానే అవతలివాళ్లు పెద్ద సైజే చెబుతారు. వాళ్ల మాట తీసుకోకండి, టేపు పట్టుకుని కొలవండి. నేల జాగా ఒక్కటే చూసుకుంటే ఎప్పుడూ పెద్దదే కావాలనిపిస్తుంది, కానీ చాలా యూనిట్లలో పైకప్పు సుమారు 8 అడుగుల ఎత్తుంటుంది, మీరు కడుతున్నది ఆ ఎత్తుకి కూడా. 5 బై 10 అంటే దాదాపు 400 ఘనపుటడుగులు. సోఫా, మంచం అమ్మేసిన ఇల్లు, పెట్టెలు తలెత్తు వరకూ పేర్చగలిగితే, చాలామందికి ఇందులోనే పట్టేస్తుంది.

ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది. హాల్లో ఒక మూల మాస్కింగ్ టేపుతో 5 అడుగులు, 10 అడుగులు గీత గీయండి, సర్దిన పెట్టెలన్నీ అందులోనే పేర్చుకుంటూ రండి. రెండు రోజుల్లో మీకే తెలిసిపోతుంది.

మే నెలలో హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు ఖాళీ చేసి వేసవికి ఇంటర్న్‌షిప్‌కో ఇండియాకో పోయే విద్యార్థులైతే ముగ్గురు కలిసి ఒక 5 బై 10 తీసుకోండి, తలా ఒక 5 బై 5 కంటే బాగా తక్కువ పడుతుంది. అయితే ఒప్పందం ఎవరి పేరున ఉందో బాధ్యత వాళ్లదే. కట్టకపోతే నోటీసు వాళ్లకే వస్తుంది, అందరి సామానూ ఇరుక్కుంటుంది. మూడు నెలల వాటా ముందే తీసుకోండి, స్నేహితులే అయినా సరే.

4. వెతకడం: ఒకే యూనిట్‌కి రెండు మూడు రేట్లుంటాయి

పబ్లిక్ స్టోరేజ్, ఎక్స్‌ట్రా స్పేస్, క్యూబ్‌స్మార్ట్ లాంటి పెద్ద కంపెనీల రేట్లు విమానం టికెట్లలా మారుతుంటాయి. ఆఫీసుకి నడిచి వెళ్లి అడిగితే ఒకటి, వెబ్‌సైట్‌లో ఒకటి. చాలాసార్లు వెబ్‌సైట్‌దే తక్కువ. అందుకే కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నా సరే, ఫోన్ తీసి ఆ బ్రాంచి రేటు చూసి, "ఇది ఇస్తారా" అని అడగండి. ఇవ్వకపోతే అక్కడే నిలబడి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

స్పేర్‌ఫుట్ లాంటి పోలిక సైట్లలో ఒక అంచనా వస్తుంది, కానీ వాటితో ఆపేయకండి. ఒకే ఊళ్లో కుటుంబం నడిపే చిన్న స్టోరేజ్‌లు ఉంటాయి, వాటిలో చాలావాటికి సరైన వెబ్‌సైట్ కూడా ఉండదు, మ్యాప్‌లో చూసి ఫోన్ చేయాలి. మొదటి నెల ఆఫర్లేవీ ఉండవు వాళ్ల దగ్గర, కానీ రేటు మాటిమాటికీ పెంచే అలవాటు కూడా తక్కువ. నాలుగు నెలలు దాటి ఉంచేదైతే నేను ముందు వీళ్లకే ఫోన్ చేస్తాను.

రేటు తగ్గించే మరికొన్ని: లిఫ్టులో పై అంతస్తుకి మోయాల్సిన యూనిట్, కారు తలుపు ముందే ఆగే యూనిట్ కంటే తక్కువకి దొరకొచ్చు, మధ్యలో తీసి చూసే పని లేకపోతే అదే మేలు. ఊరి మధ్యలో కంటే పది పదిహేను మైళ్ల అవతల తక్కువ. మే నుంచి ఆగస్టు వరకూ అందరూ ఇళ్లు మారే కాలం, గిరాకీ ఎక్కువ, చలికాలంలో తగ్గుతుంది. మీ తేదీ మార్చుకోలేకపోయినా రిజర్వేషన్ ముందే చేసుకోవచ్చు, చాలాచోట్ల కార్డు కూడా అడగరు, రద్దు చేసుకున్నా ఏమీ తీసుకోరు. ట్రక్కులు అద్దెకిచ్చే యూహాల్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వన్‌వే ట్రక్కు తీసుకుంటే ఒక నెల స్టోరేజ్ ఉచితంగా ఇచ్చే ఆఫర్ ఉంటుంది, ఖాళీ ఉంటేనే, అది అడిగి తీసుకోండి.

5. సంతకానికి ముందు అడగాల్సినవి

ఈ ప్రశ్నలు ఫోన్లో అడిగి, జవాబులు ఈమెయిల్‌లో రాసి పంపమనండి.

ఆఫర్ అయిపోయాక నెల అద్దె ఎంత? ఎన్ని నెలల వరకూ పెంచరు? అడ్మిన్ ఫీజు ఎంత, తీసేస్తారా? (నెలాఖరున అడిగితే ఒక్కోసారి తీసేస్తారు.) పన్ను ఉందా? న్యూజెర్సీలో స్టోరేజ్ జాగా అద్దెకి సేల్స్ టాక్స్ 6.625 శాతం పడుతుంది, ఎడిసన్ చుట్టుపక్కల వెతికేవాళ్లు బోర్డు మీద రేటుకి అది కలుపుకుని చూడండి. ఆలస్య రుసుము ఏ రోజు నుంచి? ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

ఇంకొకటి, ఇది చాలామంది అడగరు: అద్దె గడువు అందరికీ ఒకటో తారీఖా, లేక నేను చేరిన తారీఖా? ఒకటో తారీఖు పద్ధతి ఉన్నచోట ఇరవయ్యో తారీఖున చేరితే ఆ పది రోజులకే కట్టించుకుంటారా, పూర్తి నెల తీసుకుంటారా కనుక్కోండి. ఆ "ఒక్క డాలర్" ఆఫర్ మిగిలిన పది రోజులకే వర్తించి, ఒకటో తారీఖున పూర్తి అద్దె పడే పరిస్థితి కూడా ఉంటుంది.

తాళం వాళ్ల దగ్గర కొనక్కర్లేదు. గుండ్రంగా ఉండే డిస్క్ లాక్ బయట వాల్‌మార్ట్‌లోనో హోమ్ డిపోలోనో తక్కువకే వస్తుంది. కొన్నిచోట్ల తలుపుకి వాళ్ల సిలిండర్ తాళం మాత్రమే పడుతుంది కాబట్టి ఒక మాట అడిగి కొనండి.

6. ఇన్సూరెన్స్ దగ్గర ప్రతినెలా పోయే డబ్బు

స్టోరేజ్ ఒప్పందాల్లో సామానుకి ఇన్సూరెన్స్ ఉండాలని ఉంటుంది, అది న్యాయమే. కానీ అది వాళ్ల దగ్గరే కొనాలని కాదు. మీకు రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్లు తమ సామానుకి తీసుకునేది) ఉంటే, చాలా పాలసీల్లో ఇంటి బయట, స్టోరేజ్‌లో ఉన్న సామానుకీ కొంత కవరేజీ ఉంటుంది. సాధారణంగా అది మీ వస్తువుల కవరేజీలో 10 శాతం, లేదా 1,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. ఇరవై వేల పాలసీ ఉంటే స్టోరేజ్‌లో సామానుకి రెండు వేలు అన్నమాట. మీ ఏజెంట్‌కి ఫోన్ చేసి "నా పాలసీలో ఎంత" అని అడిగి, డిక్లరేషన్స్ పేజీ (కవరేజీ వివరాలుండే పాలసీ పేజీ) తెప్పించుకుని స్టోరేజ్ ఆఫీసుకి ఇవ్వండి. ఇవ్వకపోతే చాలాచోట్ల వాళ్ల ప్లాన్‌లో మిమ్మల్ని చేర్చేసి నెలనెలా బిల్లులో కలిపేస్తారు.

రెండు జాగ్రత్తలు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇండియా వెళ్తూ రెంటర్స్ పాలసీ రద్దు చేసుకుంటే, స్టోరేజ్ కవరేజీ కూడా దాంతోనే పోతుంది. అలాంటప్పుడు వాళ్ల ప్లాన్‌లోనే అన్నిటికంటే చిన్న కవరేజీ తీసుకోవడం మంచిది. రెండోది, వరద నీళ్లు, ఎలుకలు, బూజు వల్ల జరిగిన నష్టానికి చాలా పాలసీలు ఇవ్వవు. దానికి సర్దుడే ఇన్సూరెన్స్.

7. సర్దడం: ఇక్కడ తేడా వస్తే మిగిల్చిన డబ్బంతా పోతుంది

ముందు ఏసీ యూనిట్ అవసరమా చూద్దాం. క్లైమేట్ కంట్రోల్ అంటే అద్దె పెరుగుతుంది. టెక్సాస్‌లో జూలైలో బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే రేకు తలుపు వెనక అంతకంటే ఎక్కువే ఉంటుంది. హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో వేడికి తోడు తేమ. అక్కడ వేసవిలో చెక్క సామాను, టీవీ, ఫోటో ఆల్బమ్‌లు, తోలు సోఫా మామూలు యూనిట్‌లో పెట్టకండి. అదే చలికాలం రెండు మూడు నెలలు స్టీలు సామాను, పుస్తకాలు, బట్టలు అయితే మామూలు యూనిట్ చాలు. మధ్యే మార్గం కూడా ఉంది: వేడికి పాడయ్యే రెండు మూడు పెట్టెలు స్నేహితుల ఇంట్లో లోపలి గదిలో పెట్టి, మిగతాది మామూలు యూనిట్‌లో పెట్టడం.

అట్టపెట్టెలు ఉచితంగా దొరుకుతాయి కదా అని ఇండియన్ స్టోర్ నుంచి మామిడిపళ్లు, ఆకుకూరలు వచ్చిన పెట్టెలు తెచ్చుకోకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటే తెలీదు, మూడు నెలల తర్వాత అన్ని పెట్టెల్లోనూ ఉంటాయి. మద్యం దుకాణాల్లో సీసాలు వచ్చిన పెట్టెలు గట్టివి, శుభ్రమైనవి, పుస్తకాలకి సరిగ్గా సరిపోయే సైజు, అడిగితే ఊరికే ఇస్తారు. పెట్టెలన్నీ రెండే సైజుల్లో ఉండేట్టు చూసుకుంటే గోడలా పేర్చుకోవచ్చు, సగం జాగా అక్కడే మిగులుతుంది.

తినే వస్తువు ఒక్కటి కూడా వద్దు. బియ్యం, పప్పు, పచ్చడి సీసా, సగం వాడిన కారం ప్యాకెట్, ఏదీ వద్దు. మసాలా డబ్బా కడిగి, ఎండబెట్టి, మూత తీసి పెట్టండి. వాసన మిగిలినా ఎలుకలొస్తాయి. వెట్ గ్రైండర్ అయితే రాళ్లు తీసి, కడిగి, కనీసం రెండు రోజులు గాలికి ఆరనివ్వండి, రాతి సందుల్లో పిండి తడి మిగిలితే బూజు పట్టి ఆ వాసన ఇక పోదు. రాళ్లు విడిగా తువ్వాలులో చుట్టి కింది వరసలో పెట్టండి, పైన పెడితే కింది పెట్టె నుజ్జవుతుంది. ఫ్రిజ్ ఉంటే డీఫ్రాస్ట్ చేసి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉండేలా మధ్యలో ఒక గుడ్డ కట్టండి.

పెట్టెలు నేరుగా సిమెంటు నేల మీద వద్దు. దుకాణాల వెనక ఊరికే ఇచ్చే చెక్క ప్యాలెట్లు అడిగి వేసుకోండి. గోడకీ పెట్టెలకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచండి. సోఫాకి ప్లాస్టిక్ బిగించి చుట్టి నెలల తరబడి ఉంచితే లోపల చెమ్మ పడుతుంది, పాత దుప్పటి కప్పండి. వీలైతే సోఫాని ఒక చివర మీద నిలబెట్టండి, నేల జాగా సగానికి తగ్గుతుంది. మెమరీ ఫోమ్ పరుపు మాత్రం నిలబెట్టకండి, వంగిపోతుంది. ముందు వరసలో చలికోట్లు, మందిరం, మధ్యలో కావలసి రాగల పెట్టెలు ఉంచి, ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి వదలండి. ఈ దారి లేకపోతే ఒక్క కోటు కోసం మొత్తం బయట పెట్టాల్సొస్తుంది.

పాస్‌పోర్టులు, ఐ-797 కాగితాలు (ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పంపే నోటీసులు), డిగ్రీ సర్టిఫికెట్లు, బంగారం, వెండి స్టోరేజ్‌లో పెట్టకండి. చాలా ఒప్పందాల్లో లోపల పెట్టే సామాను మొత్తం విలువ 5,000 డాలర్లు దాటకూడదన్న షరతు కూడా ఉంటుంది, అది చదవండి. సర్దాక తలుపు మూసే ముందు ఫోన్‌లో వీడియో తీసుకోండి, క్లెయిమ్ చేయాల్సొస్తే అదే ఆధారం.

8. రేటు పెంచినప్పుడు ఏం చేయాలి

పెంచుతారు. ఇది పెద్ద కంపెనీల వ్యాపార పద్ధతే. కొత్తవాళ్లని తక్కువ రేటుకి చేర్చుకుని, కొన్ని నెలల తర్వాత పాతవాళ్లకి పెంచుకుంటూ పోవడం. వాళ్లు దాచుకోరు కూడా, షేర్‌హోల్డర్లకి చెప్పే లెక్కల్లో దీని గురించి బాహాటంగానే మాట్లాడతారు. ఒక ట్రక్కు, ఇద్దరు మనుషులు, ఒక శనివారం పోగొట్టుకుని ఖాళీ చేసే ఓపిక మీకు లేదని వాళ్ల నమ్మకం. ఒప్పందం నెలవారీది కాబట్టి నోటీసు ఇచ్చి పెంచే హక్కు వాళ్లకుంది, నోటీసు ఇచ్చి ఖాళీ చేసే హక్కు మీకూ ఉంది. మీ చేతిలో ఉన్నదల్లా అదే.

లెటర్ రాగానే బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, మీ బ్రాంచిలోనే, మీ సైజుకే, కొత్తవాళ్లకి ఎంత చూపిస్తోందో చూడండి. తేడా చూసి ఆశ్చర్యపోతారు. స్క్రీన్‌షాట్ తీసుకుని మేనేజర్‌కి ఫోన్ చేయండి. కోపంగా కాదు, మర్యాదగా, సూటిగా:

"నాకు వచ్చే నెల నుంచి 142 అవుతుందని లెటర్ వచ్చింది. మీ వెబ్‌సైట్‌లో ఇదే సైజు ఇవాళ 89కి ఉంది. నేను ఎప్పుడూ ఆలస్యంగా కట్టలేదు, ఇంకో నాలుగు నెలలు ఉందామనుకుంటున్నాను. ఆ రేటుకి మార్చగలరా, లేకపోతే ఈ నెలాఖరుకి ఖాళీ చేసేస్తాను."

అడగనిదే అమ్మైనా పెట్టదు. కొందరు మేనేజర్లు అక్కడికక్కడే కొంత తగ్గిస్తారు, కొందరు పైవాళ్లని అడిగి చెబుతామంటారు, కొందరు తమ చేతుల్లో లేదంటారు. లేదన్నా అక్కడితో ఆగకండి, రెండో ప్రశ్న ఉంది: "అయితే అదే రేటుకి కొత్త యూనిట్ తీసుకుని అందులోకి మారొచ్చా?" అదే భవనంలో రెండు తలుపుల అవతలికి మారడానికి ట్రక్కు అక్కర్లేదు, వాళ్ల తోపుడు బండి, ఒక మధ్యాహ్నం చాలు. మళ్లీ అడ్మిన్ ఫీజు పడుతుందా చూసుకుని లెక్క వేయండి: నెలకి 53 తేడా, నాలుగు నెలలకి 212. ఫీజు 25 పోయినా చాలా మిగులుతుంది.

ఈ ఫోన్ ఇంగ్లిష్‌లో మాట్లాడాలని జంకి చాలామంది, ముఖ్యంగా పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు, ఏడాది పొడుగునా పెరిగిన రేటు కట్టేస్తుంటారు. నాకు దీనిమీదే ఎక్కువ బాధ. ఈమెయిల్ రాయండి, స్క్రీన్‌షాట్ జతచేయండి, రెండు వాక్యాలు చాలు. భాష ఎంత బాగుందని వాళ్లు చూడరు, ఖాళీ చేస్తారా లేదా అన్నదే చూస్తారు.

9. ఇండియా వెళ్తుంటే అదనంగా ఇవి

ఆటోపే పెట్టి వదిలేస్తే సరిపోదు. ఆ కార్డు ఎక్స్‌పైరీ ఎప్పుడో చూడండి, మీరు ఇండియాలో ఉండగా గడువు తీరితే అద్దె ఆగిపోతుంది. అద్దె ఆగితే ఆలస్య రుసుములు పడతాయి, తర్వాత గేటు కోడ్ పనిచేయదు, ఆపైన సామానుని వేలం వేసే హక్కు స్టోరేజ్‌వాళ్లకి చట్టమే ఇస్తుంది. టెక్సాస్‌లో అయితే ఇది ప్రాపర్టీ కోడ్ 59వ అధ్యాయంలో ఉంది, మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. నోటీసు మీరు ఒప్పందంలో రాసిన చిరునామాకి పోతుంది, అంటే మీరు ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి! అందుకే బయల్దేరే ముందు చిరునామా ఇక్కడున్న స్నేహితులదో బంధువులదో పెట్టి, ఈమెయిల్ కూడా సరిచూడండి. అమెరికా ఫోన్ నంబర్ ఆపేస్తుంటే, ఆ కంపెనీ లాగిన్‌కి కోడ్ ఏ నంబర్‌కి వస్తుందో ముందే చూసుకోండి.

రెండో తాళంచెవి, గేటు కోడ్ ఒక నమ్మకస్తుడికి ఇవ్వండి, ఒప్పందంలో వాళ్ల పేరు అనుమతి ఉన్న వ్యక్తిగా రాయించండి. వీసా స్టాంపింగ్ ఆలస్యమై రెండు నెలలనుకున్నది ఏడు నెలలు పట్టినా, వాళ్లు వెళ్లి చూడగలరు, అవసరమైతే ఖాళీ చేయగలరు. వెళ్లేముందే ఒక గడువు అనుకోండి: "ఫలానా నెల దాటితే అమ్మేయండి" అని ఆ స్నేహితుడికి చెప్పి, ఏవి అమ్మాలో, ఏవి ఉంచాలో లిస్టు ఇచ్చి వెళ్లండి.

కారు ఉంటే దానికి 10 బై 20 యూనిట్ తీసుకోకండి, బయట పార్కింగ్ జాగా చాలా తక్కువకి వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి కవరేజీ తగ్గించవచ్చేమో అడగండి, లోన్ ఉంటే మాత్రం బ్యాంకు పెట్టిన షరతు చూసుకుని.

10. ఖాళీ చేసే రోజు

ముందు నోటీసు రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో, ఒప్పందంలో చెప్పినన్ని రోజుల ముందు ఇవ్వండి. చాలాచోట్ల మిగిలిన రోజులకి డబ్బు వెనక్కివ్వరు, మీ గడువు 12వ తారీఖైతే 11లోపు బయటపడాలి, 13న ఖాళీ చేస్తే ఇంకో నెల అద్దె పోయినట్టే. ట్రక్కు వారం మధ్యలో తీసుకుంటే శని, ఆదివారాల కంటే తేలిగ్గా దొరుకుతుంది.

సామాను తీశాక ఊడ్చి, ప్యాలెట్లు, చిరిగిన పెట్టెలు వదలకుండా తెచ్చేయండి, చెత్త వదిలితే శుభ్రం చేసినందుకు ఛార్జీ వేస్తారు. ఖాళీ యూనిట్‌ని నాలుగు మూలలూ కనబడేలా ఫోటో తీయండి. తాళం తీసి జేబులో వేసుకోండి, తలుపుకి తాళం ఉన్నంతకాలం వాళ్ల లెక్కలో మీరింకా ఉన్నట్టే. అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లి "మూవ్ అవుట్ అయిపోయింది, బాకీ సున్నా" అని ఈమెయిల్ పంపించుకోండి, ఆటోపే మీరే లాగిన్ అయి తీసేయండి, వాళ్ల ఇన్సూరెన్స్ ప్లాన్ విడిగా ఉంటే అది కూడా ఆపించండి. తర్వాతి నెల కార్డు స్టేట్‌మెంట్ ఒకసారి చూడండి. మళ్లీ ఛార్జీ పడి ఉంటే ఆ ఫోటో, ఆ ఈమెయిల్ పంపి వెనక్కి అడగండి, ఇవ్వకపోతే ఆ ఛార్జీ చెల్లదని కార్డు కంపెనీలో డిస్‌ప్యూట్ వేయండి.